తువ్వాలు కింద ఎలుక

ఆ ఏడు మాఘమాసం వెళ్ళేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి: మార్కెట్ యార్డులో ఒక గోదాము, దాని నిండా కందులు, ఎలుకలు పట్టే పిల్లులు రెండు, మూల కుప్పగా బోనులు, ఏటేటా మార్పించుకోవలసిన వ్యాపార లైసెన్సు ఒకటి, మాట కటువే అయినా లెక్క తప్పని భార్య ఒకతె. కందులు కోతల్లో చవగ్గా కొన్నవి. ఎండలు ముదిరి పప్పు మిల్లులవాళ్ళు తిరగడం మొదలుపెట్టేదాకా ఆపితే మంచి ధర వస్తుంది. ఆపడమంటే మరేం లేదు, తలుపు వేసి కూర్చోవడం. లోపలి కందుల్ని నేను అమ్మేలోపు ఇంకెవరూ తినకుండా చూసుకోవాలి. ఆ పని పిల్లులు చేసిపెట్టేవి. పూటకింత పాలు పోస్తే చాలు, సెలవు చీటీలు పెట్టేవి కావు.

ఇంత సజావుగా నడుస్తున్న పనిని ప్రభుత్వం ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకుంటుంది?

విరూపాక్షంగారని ఒక పెద్ద అధికారి ఏదో సదస్సు పేరుతో విదేశం వెళ్ళి, అక్కడి ఇళ్ళల్లో ఎలుకల్ని పెంచుకోవడం, ఒళ్ళో పడుకోబెట్టుకుని లాలించడం చూసి కరిగిపోయి వచ్చారు. ఆయన కరగడం వల్ల 'మూషిక సామరస్య మండలి' పుట్టింది. దానికి ఆయనే సంచాలకులు. మండలి పుట్టాక ఉత్తర్వు పుట్టకుండా ఉండదు కదా. యార్డు నోటీసు బోర్డు మీద అంటించారు.

'సమస్త గోదాముదారులకు తెలియజేయడమేమనగా, మూషికము స్వభావరీత్యా చోరప్రాణి కాదు. మానవుని ఆప్యాయతకు నోచుకోని కారణముననే గోనెసంచులను కొరుకుచున్నది. కావున ప్రతి గోదాముదారుడు మండలి పంపిణీ చేయు మూషిక ద్వయమును స్వీకరించి, వాటితో అనుబంధము నెలకొల్పుకొనవలెను. సదరు మూషికములు స్థానిక మూషికములకు సామరస్య సందేశమును చేరవేయును. అనుబంధ ధ్రువపత్రము పొందు వరకు పిల్లులు, బోనులు, విషము నిషేధము. సంచులు బయటికి కదిలించుట వలన మూషికములకు మనోవికలత కలుగును గనుక అదియు నిషేధము. ధ్రువపత్రము లేనిదే లైసెన్సు మారదు.'

బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. సంచులు బయటికి తియ్యకూడదు, పిల్లుల్ని ఉంచకూడదు. ఎలుకలకు భోజనం సిద్ధంగా పెట్టి, నన్ను తలుపు దగ్గర కాపలా ఉండమంటున్నారు. తెల్ల ఎలుకలకు నా మీద ప్రేమ ఎంత ఆలస్యంగా కలిగితే లోపల కందులు అంత తగ్గుతాయి. లెక్క అక్కడికి తేలింది.

మర్నాడు సామరస్యాధికారి గుణశేఖర్ ఆటోలో వచ్చాడు. వెనక సీటు నిండా పంజరాలు.

"శెట్టిగారూ, మీ సహజీవులొచ్చారండి," అన్నాడు ఒక పంజరం దించుతూ.

లోపలికి చూశాను. తెల్లటి ఎలుకలు రెండు. ఎర్ర కళ్ళు, పొడుగు తోకలు. ఒకదానికి చెవి అంచు చిరిగి ఉంది. రెండూ గడ్డిలోకి దూరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి.

"ఒకటైతే చాలదా?" అన్నాను.

"ఒంటరి మూషికానికి దిగులు పట్టుకుంటుందండి. జంటగానే పంపిణీ. ఇంకోమాట, వీటిని ఎలుకలనకూడదు, సహజీవులనాలి."

"మరి లోపల నా కందులు తినేవాటిని ఏమనాలయ్యా?"

"అవి నమోదుకాని సహజీవులండి."

"వాటినెప్పుడు నమోదు చేస్తారు?"

"మీకూ వీటికీ అనుబంధం కుదిరాక, వీటికీ వాటికీ పరిచయం అయ్యాక. ఒక క్రమపద్ధతి ఉంటది కదండీ."

క్రమపద్ధతిలోనే నా పిల్లుల్ని గోనెసంచిలో వేసుకున్నాడు. బోనులన్నీ ఆటో పైన కట్టించాడు. 'వైరభావ ప్రేరక జంతువులు రెండు, వైరభావ ప్రేరక పరికరాలు కొన్ని' అని రసీదు రాసిచ్చాడు.

"పిల్లులకి పాలు పోస్తారా?"

"పద్దు మంజూరు కావాలండి," అన్నాడు గుణశేఖర్.

పంజరంతో పాటు 'అనుబంధ దీపిక' అని ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. విరూపాక్షంగారే రాశారు. అందులోని మాటలు ఇలా ఉన్నాయి. మొదట్లో తాకవద్దు, ఊరికే దగ్గర కూర్చోండి. మీ ఒంటి వాసన అలవాటయ్యేందుకు తొడిగి విడిచిన బట్ట పంజరంలో పరవండి. మెల్లగా మాట్లాడండి. తినేది చేత్తో అందివ్వండి. పైనుంచి చెయ్యి వేసి పట్టుకోవద్దు, గద్ద అనుకుంటుంది. తోక పట్టి ఎత్తవద్దు. రెండు అరచేతులూ దోసిలిగా పట్టి, అది తనంతట తాను ఎక్కేదాకా ఆగండి. పంటితో వేలిని పరీక్షిస్తే ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యి లాగవద్దు. లాగినవాడు ఎన్నటికీ విశ్వాసపాత్రుడు కాడు.

విడిచిన బట్ట కోసం ఇంటికి వెళ్ళి అడిగాను. మా ఆవిడ సుభద్ర నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీ బనీన్లు ఉతికి ఉతికి నా చేతులు అరిగిపోయాయి. ఉతక్కుండా ఇయ్యమని ప్రభుత్వం ఇప్పుడు చెప్తోందా? ఈ ముక్క పెళ్ళైన కొత్తలో చెప్పాల్సింది."

"ఒక్కటియ్యవే. లైసెన్సు దానిమీద ఆధారపడుంది."

"దండెం మీద నిన్నటిదుంది, తీసుకెళ్ళండి. మీ వాసనకి అవి పారిపోతే నన్నడగద్దు."

గుణశేఖర్ తనిఖీకి వచ్చి, ఆ బనీనును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తల పక్కకి తిప్పుకుని, 'సంతృప్తికరం' అని రాశాడు.

రెండో తనిఖీలో నేను ఎలుకలతో ఏం మాట్లాడుతున్నానో అడిగాడు. నాకు తెలిసింది నేను మాట్లాడుతున్నాను, ఆనాటి కందుల ధర, మినుముల ధర, పెసల ధర మెల్లగా చదివి వినిపిస్తున్నానని చెప్పాను.

"అది తగదండి. ధరల ఎగుడుదిగుళ్ళు వింటే సహజీవులకు ఆందోళన. జోలపాట పాడాలండి."

జోల పాడకపోతే మార్కులు తగ్గిస్తామని యార్డంతా చాటారు. వారం తిరిగేసరికి మధ్యాహ్నం పూట యార్డులోకి వచ్చే రైతులు బళ్ళు ఆపి చెవులు రిక్కించేవాళ్ళు. ప్రతి కొట్టులోంచీ ఒక లావుపాటి షావుకారు గొంతు, పంజరం ముందు కూర్చుని లాలి లాలి అంటూ. మిర్చి బస్తాలు తూచే కాటా దగ్గర ఒకాయన నిజంగానే నిద్రపోయాడు. ఎలుకలు మాత్రం పోలేదు.

నా ఎదురు కొట్టు నూకల భీమేశ్వరరావుది. వరసకి నన్ను బాబాయ్ అంటాడు. వ్యాపారంలో ఆ వరస పనిచేయదు. కందులు నాలాగే కొని, తొందరపడి కోతల్లోనే అమ్మేసుకున్నాడు. నా గోదాము నిండుగా ఉండడం చూసినప్పుడల్లా అతనికి కడుపులో మంట. ఖాళీ గోదాముకి కూడా ధ్రువపత్రం కావాలన్నారు కాబట్టి అతనికీ ఒక జంట వచ్చింది. భీమేశం ఓపిక పట్టే మనిషి కాడు. పంజరం తలుపు తీసి, పైనుంచి చెయ్యి వేసి, ఒకదాన్ని తోక పట్టి ఎత్తాడు. అది బొటనవేలు కొరికింది. అతను చెయ్యి విదిలించాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చేసరికి కొట్టు తలుపుకి నోటీసు వేలాడుతోంది: 'మూషికమునకు తమయందు అవిశ్వాసము జనించినట్లు మండలి దృష్టికి వచ్చినది. వారము దినములలో సదరు మూషికమునకు సంజాయిషీ సమర్పించుకొనవలెను.'

"ఎలక్కి సంజాయిషీ ఎట్టా ఇస్తారు బాబాయ్?" అని నా దగ్గరికొచ్చాడు.

"మూడు ప్రతులు రాసి, ఒకటి పంజరంలో పెట్టు," అన్నాను. అతను నిజంగానే పెట్టాడు. అది తినేసింది. స్వీకరించినట్టు గుణశేఖర్ నమోదు చేసుకున్నాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. గోదాములో మాత్రం నాకు నవ్వు రాలేదు. తలుపుకి చెవి ఆనిస్తే లోపల వాన పడుతున్నట్టు చప్పుడు. అది పళ్ళ చప్పుడు. కింది వరస సంచులు కుంగి, పై వరసలు పక్కకి ఒరుగుతున్నాయి. పొట్టు గాలికి లేచి గుమ్మం దాకా వస్తోంది. పందికొక్కులు పట్టపగలే సంచుల మీద కూర్చుని నా వైపు చూస్తున్నాయి, నేనే పనిలేక వచ్చినవాణ్ణన్నట్టు. ఆ కందుల్లో నా సొంత డబ్బుతో పాటు సుభద్ర నగలు తాకట్టు పెట్టి తెచ్చింది కూడా ఉంది.

గుణశేఖర్‌ని తీసుకెళ్ళి చూపించాను. "నష్టం చూడవయ్యా."

"నష్టం అనకూడదండి. 'సామరస్య వ్యయం' అనాలి."

"అది ఎవరు భరిస్తారు?"

"సామరస్యం ఎవరు కోరుకుంటే వారు. మీరు అనుబంధం త్వరపెట్టుకోండి శెట్టిగారూ. అదొక్కటే మార్గం."

ఆ పూట పంజరం ముందు కూర్చుని, పుస్తకం మూసి పక్కన పెట్టి, నా సొంత పద్ధతిలో ఆలోచించాను. వణుకుతూ మూలకి నక్కిన ఈ ప్రాణుల్ని నేనెక్కడో చూశాను. మొదటిసారి యార్డుకి సరుకు తెచ్చిన రైతు ఇలాగే ఉంటాడు. వెనక్కి నిలబడతాడు, ఎవరినీ నమ్మడు, చెయ్యి పట్టుకుంటే లాక్కుంటాడు. అతన్ని కొట్టులోకి రప్పించేదెలాగో నాకు తెలుసు. ముందు మచ్చు చూపించాలి. తర్వాత ఊరికే కూర్చోవాలి. తర్వాత తువ్వాలు.

మా యార్డులో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేళ్ళు, ఎన్ని పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్ళకి చేతులు కనబడవు, మొహాలే కనబడతాయి. చేతులు బయటికి తీసి తల ఊపారంటే బేరం తెగినట్టే. తల ఊపాక వెనక్కి పోయినవాణ్ణి యార్డులో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు.

ఒళ్ళో తువ్వాలు పరుచుకున్నాను. పంజరం తలుపు తీసి దాని అంచు తువ్వాలు కిందికి చేర్చాను. వేళ్ళకి కాస్త పెరుగన్నం రాసుకుని, చెయ్యి లోపల పెట్టి, గోడవైపు చూస్తూ కూర్చున్నాను. బేరంలో ముందు కదిలినవాడు ఓడిపోతాడు. నేను కదల్లేదు.

ఎలుకలకు చీకటి ఇష్టం, కప్పు ఇష్టం. చాలాసేపటికి తువ్వాలు మీద చిన్న బొడిపె లేచింది, ఆగింది, మళ్ళీ కదిలింది. చల్లటి ముక్కు ఒకటి చూపుడువేలికి తగిలి వెనక్కి పోయింది. తర్వాత చిన్న చిన్న చేతులు రెండు నా వేలిని పట్టుకున్నాయి. ఇన్నేళ్ళలో ఎందరో నా వేళ్ళు పట్టుకున్నారు గాని ఏమీ దాచుకోకుండా పట్టుకున్నది అదే.

తర్వాత పని సులువైంది. రోజూ అదే చోట, అదే తువ్వాలు. పెరుగన్నం అయ్యాక వేయించిన శనగపప్పు. మెల్లగా ముంజేతి దాకా వచ్చేవి, తర్వాత భుజం మీదికి, అక్కణ్ణుంచి చొక్కా జేబులోకి. జేబులో చేరాక పళ్ళు నూరుకుంటూ నిద్రపోయేవి. సంతోషం వస్తే అలా నూరుకుంటాయని దీపికలో ఉంది. ఎక్కువ తినే చిరుగుచెవి దానికి 'తరుగు' అనీ, రెండోదానికి 'నికరం' అనీ పేరు పెట్టాను. మాకు ఇంతకంటే దగ్గరి పేర్లు లేవు.

"ఎలకలకి అన్నం కలిపి పెడతారు. నాకు ఒక్కనాడన్నా కలిపారా?" అంది సుభద్ర. అని, గిన్నెలో పెరుగు ఇంకాస్త వేసింది.

ధ్రువపత్రం కోసం పెట్టిన పరీక్ష రోజు విరూపాక్షంగారే స్వయంగా వచ్చారు. యార్డు మధ్య దిమ్మె మీద తివాచీ పరిచారు. ముందు మార్కెట్ కమిటీ ఆఫీసులో సన్మానం, నేతి మైసూరుపాకు. ఆయన మూడు ముక్కలు తిని, చేతిరుమాలుకి వేళ్ళు తుడుచుకుని ఉపన్యాసానికి లేచారు.

"మూషికము మనకు పరాయిది కాదు. తరచి చూసుకుంటే మన అంతరంగమే ఒక మూషికము. దానిని మనం లాలించలేదు. అందుకే అది మనలను కొరుకుతున్నది."

చప్పట్లు కొట్టాం. ఒకరి తర్వాత ఒకరిని పిలిచారు. పెసల షావుకారు తన ఎలుకని దారంతో చొక్కా గుండీకి కట్టేసుకొచ్చాడు. 'నిర్బంధ అనుబంధం' అని తోసిపుచ్చారు. నూనెల షావుకారు జేబుకి బెల్లం పూసుకొచ్చాడు. అతని ఎలుక జేబంతా తినేసి లోపలి చర్మం దాకా పోయింది. అతను కన్నీళ్ళతో నిలబడ్డాడు. ఆనందబాష్పాలని రాసుకుని ప్రథమశ్రేణి ఇచ్చారు. భీమేశాన్ని చూడగానే అతని ఎలుకలు పంజరం కడ్డీలు కొరకడం మొదలుపెట్టాయి. మళ్ళీ సంజాయిషీ రాయమన్నారు.

నా వంతు వచ్చింది. అంత జనాన్ని చూసి తరుగూ నికరమూ జేబులోంచి దిగి, ఒళ్ళో తువ్వాలు కింద దూరాయి. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

"అనుబంధం కంటికి కనబడవలెను కదా," అన్నారు విరూపాక్షంగారు.

"లోపలే ఉన్నాయండి. చేత్తో చూడొచ్చు," అన్నాను.

ఆయన నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టారు.

ఏం జరుగుతోందో నాకు వెంటనే తెలిసింది. నేతి వాసనకి తరుగు పరుగెత్తి ఆయన వేలు పట్టుకుంది. ముందు నాకింది. తర్వాత ఇందులో తినదగ్గది ఎంతవరకు ఉందో పంటితో చూడడం మొదలుపెట్టింది. విరూపాక్షంగారి కనుబొమలు లేచాయి. చెయ్యి లాగడానికి లేదు. లాగినవాడు ఎన్నటికీ విశ్వాసపాత్రుడు కాడని రాసింది ఆయనే, చూస్తున్నది మొత్తం యార్డు. ఆయన నా కళ్ళలోకి చూశారు. నేనూ మర్యాదగా చూశాను. నుదుట చెమట పట్టింది. భుజం ఒకసారి అదిరింది. పెదవులు బిగించి ఆకాశం వైపు చూశారు.

యార్డువాళ్ళంతా దిమ్మె దగ్గరికి జరిగారు. వాళ్ళకి కనబడుతున్నది ఎలుకల పరీక్ష కాదు. చిన్నప్పట్నుంచీ తువ్వాలు పైన మొహాలు చదివి బతికినవాళ్ళు వాళ్ళు. కందుల షావుకారుకి ఎదురుగా ప్రభుత్వపు పెద్ద అధికారి, మధ్యలో తువ్వాలు, కింద చేతులు. అధికారికి చెమటలు పడుతున్నా చెయ్యి తియ్యడం లేదు. ఇంత పెద్ద బేరం ఆ యార్డులో ఎవరూ చూసి ఉండరు.

చివరికి విరూపాక్షంగారు చెయ్యి బయటికి తీసి, వెంటనే జేబులో పెట్టుకున్నారు. నా వైపు చూసి ఒకసారి గట్టిగా తల ఊపారు. గుణశేఖర్ చేత ధ్రువపత్రం, సంచులు కదిలించే పర్మిట్టు అక్కడికక్కడే రాయించి, ఎడమచేత్తో సంతకం చేసి, నీళ్ళు కావాలంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను దిమ్మె దిగకముందే భీమేశం నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, గవర్నమెంటు కందులు కొంటోందా?"

"లేదురా. ఆయన ఎలుక కోసం చెయ్యి పెట్టాడు."

"సర్లే. నాకు కూడా ఇదే చెప్తావా?"

"నిజంగా చెప్తున్నా. లోపల ఎలుక ఉంది."

"అంతసేపు, అన్ని చెమట్లు, ఎలక్కోసం. నేను చిన్నపిల్లోణ్ణా?" అని నా పక్కన కూర్చుని, భుజమ్మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పి వేళ్ళు పట్టుకున్నాడు. అది ఆ రోజు యార్డు ధరకి చాలా పైన. వెనక ఇద్దరు ముగ్గురు తమ తువ్వాళ్ళు సవరించుకుంటున్నారు.

"ముందు సరుకు చూసుకో భీమేశం," అన్నాను గట్టిగా, నలుగురికీ వినబడేలా. "ఎలుకలు కొట్టిన సరుకు. సగం పొట్టు."

అతను నవ్వి, ఇంకో వేలు పట్టుకున్నాడు. "ఇప్పుడు అమ్మడం ఇష్టంలేక ఇట్టా చెప్తున్నావు. గుత్తగా, ఉన్నది ఉన్నట్టు గోదామంతా నాది. పెద్దాయనే చూడకుండా చెయ్యి పెడితే నేను చూసేదేంటి?"

చేతులు బయటికి తీశాం. తల ఊపాం.

సాయంత్రానికి గోదాము ఖాళీ. ధ్రువపత్రం లేనివాళ్ళు సంచులు బయటికి తియ్యకూడదన్నారు గాని, లోపల వేసుకోవద్దని ఉత్తర్వులో ఎక్కడా లేదు. సంచులతో పాటు ఎలుకలూ, పందికొక్కులూ రోడ్డు దాటి భీమేశం గోదాములోకి మారిపోయాయి. వాటికి అనుబంధం నాతో కాదు, కందులతో.

మర్నాడు గుణశేఖర్ నా గోదాము తనిఖీ చేశాడు. ఒక్క ఎలుకా లేదు. 'స్థానిక మూషికములు సందేశమును గ్రహించి స్వచ్ఛందముగా చౌర్యమును విరమించినవి' అని రాశాడు.

"కందులే లేవు కదయ్యా," అన్నాను.

"మా ఫారంలో కందులకు గడి లేదండి," అన్నాడు.

భీమేశం రెండురోజులకి వచ్చాడు. కొట్టులోకి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సగం పొట్టే బాబాయ్."

"చెప్పాను కదరా."

"నువ్వు నిజం చెప్తావని ఎవరనుకుంటారు?" అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. అమ్ముదామని మండలికి వెళితే, కందులు కొనే పథకం లేదు గాని అనుబంధ శిక్షణకి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారట.

వేసవి అయ్యేలోపు విరూపాక్షంగారు ఇంకో సదస్సుకి వెళ్ళి గుడ్లగూబల మీద మనసు పారేసుకుని వచ్చారు. మూషిక మండలి రద్దయింది. పంపిణీ చేసిన ఎలుకల్ని జంటగా, పంజరంతో సహా వాపసు చెయ్యాలని ఉత్తర్వు. గుణశేఖర్ మళ్ళీ అదే ఆటోలో వచ్చాడు.

"పంజరం ఇదిగో," అన్నాను.

"సహజీవులేవండి?"

"పోయాయి."

అతను నా చొక్కా జేబు వైపు చూశాడు. "జేబులో ఏదో కదులుతోందండి."

"ఫోను."

"ఫోనుకి తోకుందండి."

"కొత్త రకం." పంజరం అతని చేతిలో పెట్టి అడిగాను. "వాపసు తీసుకున్నవాటిని ఎక్కడుంచుతున్నారు?"

"స్టోరు గదిలోనండి."

"నా పిల్లులెక్కడున్నాయి?"

"అవీ ఆ గదిలోనే. రెండో గది మంజూరు కాలేదండి." అతను తల గోక్కున్నాడు. "మొదట్లో చాలా పంజరాలుండేవి. ఇప్పుడు పిల్లులు బాగా ఒళ్ళు చేశాయి. మీవి కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి, ఇచ్చేస్తారు."

పంజరంలో ఏమీ లేదని రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. దరఖాస్తు కాగితం ఒకటి బల్ల మీద వదిలి వెళ్ళాడు. దాన్ని చాలాసేపు చూశాను. పొట్లానికి పనికొస్తుందని మడిచి పెట్టాను.

ఇదీ ఆ ఏటి లెక్క. పోయినవి: కందులు, మంచి పిల్లులు రెండు, బోనులన్నీ, జేబులు చిరిగిన చొక్కాలు, ఎదురు కొట్టువాడితో మాటలు. వచ్చినవి: అనుకున్న ధర కంటే మంచి ధర, విడిపించిన సుభద్ర నగలు, మార్పించిన లైసెన్సు. మిగిలినవి: అమ్మితే కొనేవాడు లేని, చెప్పిన పని చెయ్యని, రోజూ పెరుగన్నం తిని జేబులో నిద్రపోయే ఎలుకలు రెండు. ఇలాంటి సరుకుని మా వ్యాపారంలో నష్టం కింద రాస్తారు. నేను లాభం కింద వేసుకున్నాను. ఆడిటరు అడిగితే జేబులోంచి తీసి చూపిస్తాను. వేలు పెట్టి చూస్తానంటే మాత్రం ముందు చెయ్యి కడుక్కోమంటాను.